బుట్టలో దిగే పజిలు

నంద్యాలలో ఆడవాళ్ల చదువు కోసం మగవాళ్లు చేసిన గొప్ప ఉపకారం ఒక వెదురుబుట్ట. వేళాకోళం కాదు, నిజంగానే. పత్తి వ్యాపారి గోదాము మీద మిద్దెలో లైబ్రరీ పెట్టారు. ఆ మిద్దెకు మెట్లు వీధివైపు, గోదాము అరుగును ఒరుసుకుంటూ ఉన్నాయి. అరుగు మీద పొద్దస్తమానం మగవాళ్లు కూర్చుని ఉంటారు. అందుకని ఆడవాళ్లు ఆ మెట్లు ఎక్కకూడదు. ఎక్కకూడదని ఎవరూ రాసిపెట్టలేదు, నోటితో అన్నవాడూ లేడు. ఏ ఆడదీ ఎక్కలేదు, అంతే. మరి ఆడవాళ్లు చదువుకోవద్దా అని ఎవరో ధర్మాత్ముడికి జాలి పుట్టింది. వెనకవైపు కిటికీకి గిలక బిగించి, తాడుకు బుట్ట కట్టి, తాము చదివేసిన పత్రికలు అందులో పెట్టి కిందికి దించడం మొదలుపెట్టారు. లైబ్రరీ సెక్రటరీ కరుణాకర్ ప్లీడరు ఏ ఊరివాళ్లు వచ్చినా ఆ బుట్టను చూపించి, "రాజధాని కర్నూల్లో గూడా ఈ ఏర్పాటు లేదప్పా" అని మురిసిపోయేవాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి.

ఆ బుట్ట దిగేది గోవిందమ్మ పెరట్లోకి. పెరడు ఆమెదీ పక్కింటి సైదాబీదీ కలిపి ఒకటే. మధ్యలో గోడ ఎప్పుడో వానకు కూలింది, మళ్లీ కట్టాలని ఇద్దరిలో ఎవరికీ బుద్ధి పుట్టలేదు. బుట్ట దిగగానే పరుపులు కుట్టే సైదాబీ కథల పుస్తకం తీసుకునేది. గోవిందమ్మ వారపత్రిక తీసుకుని తిన్నగా చివరి పేజీకి పోయేది. అడ్డంగా, నిలువుగా గళ్లలో మాటలు నింపే పజిలు ఉండేది అక్కడే.

ఉండేది గానీ ఏం లాభం? పత్రిక కిందికి దిగేసరికి ఒక్క గడి కూడా ఖాళీ ఉండదు. అన్నీ నల్లసిరాతో నింపేసి ఉంటారు. కొన్ని రాసి కొట్టేసినవి, కొన్ని కొట్టేసి మళ్లీ రాసినవి, కొన్ని తప్పులని కూడా తెలియక దర్జాగా వదిలేసినవి. నమిలేసిన చెరుకుపిప్పి చేతిలో పెట్టి తినమన్నట్టు ఉండేది గోవిందమ్మకు. ఒళ్లు మండేది.

అసలు తమాషా ఏమిటంటే, ఆ నింపిన మాటల్లో సగం గోవిందమ్మ చెప్పినవే. మొగుడు మద్దిలేటి గింజల మండీలో గుమాస్తా. ఆదివారం పొద్దున పత్రిక రాగానే మిద్దెక్కుతాడు. కాసేపటికి నీళ్లు తాగే వంకతో ఇంటికొస్తాడు. "ఏం లేదు, ఊరికే అడుగుతాండా" అని మొదలుపెట్టి పజిల్లో ఒక ఆధారం చెప్తాడు. గోవిందమ్మ పొయ్యి ముందు కూర్చునే జవాబు చెప్పేస్తుంది. "నాకూ అదే తట్టింది" అంటాడు, గబగబా వెళ్లిపోతాడు. మళ్లీ తమలపాకుల వంకతో వస్తాడు. ఇట్లా నీళ్లూ, తమలపాకులూ, చెప్పులు మరిచిపోవడాలూ కలిసి ఊళ్లో ఆయనకు "పజిళ్ల మద్దిలేటి" అని పేరు తెచ్చిపెట్టాయి.

పేరు పోతే పోయిందిలే అనుకునేది గోవిందమ్మ. ఆమెకు కావాల్సింది ఒక్కటే, ఖాళీ పజిలు. ఎవరి చెయ్యీ పడని గళ్లు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా తనే కూర్చుని, తనే తప్పు రాసి, తనే కొట్టేసి నింపుకోవాలి. ఇంత చిన్న కోరిక కోసం మనిషి ఎన్నాళ్లని కాచుకుంటుంది?

ఒకరోజు మొగుడికి సంగటి పెడుతూ అడిగేసింది. "ఏమయ్యా, ఒగ ఆదివారం పత్రిక నింపకముందే కిందికి దించమని చెప్పరాదా?"

"నింపకుండా దించితే పైన మేమేం జేయల్ల?"

"విడిగా నాకొగటి కొనీ అయితే."

"ఊరికే దొరికేదానికి దుడ్లు తగలేస్తారా ఎవురన్నా?"

"అట్లయితే నేనే పైకొస్తా. మీరంతా నింపే ముందర కూర్చోని చూసుకుంటా."

మద్దిలేటికి ముద్ద గొంతుకడ్డం పడింది. నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "అరుగు మీద అంతమంది మొగోళ్లు కూర్చోనుంటారు. వాళ్ల ముందర మెట్లెక్కుతావా? మనమేమన్నా తలకాయ ఎత్తుకోని తిరగల్లనా వద్దా?"

"నీ తలకాయ నేనెత్తి నిలబెట్టిందే గదయ్యా ఈ ఊళ్లో!"

మద్దిలేటి చెయ్యి కడుక్కుని మండీకి పోయాడు. గోవిందమ్మ గిన్నెలు తోమిన చప్పుడు ఆరోజు సైదాబీ ఇంటి దాకా వినిపించింది.

సరిగ్గా ఆ పక్షంలోనే ఆళ్లగడ్డ లైబ్రరీ వాళ్లకు నంద్యాల మీద పంతం పుట్టింది. మీ ఊళ్లో పజిళ్ల మొనగాళ్లు ఉన్నారట కదా, మేమొక పజిలు కట్టుకొస్తాం, మా ఎదుట నింపండి చూద్దాం అన్నారు. బోర్డు మీద గళ్లు గీయాలి, పొద్దు గుంకేలోపు నింపాలి. ఒక్క మాట తప్పినా ఓడినట్టే. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల ఊరికి పోయి అందరి ముందూ వాళ్లకు పూలమాల వేయాలి. పజిలు నింపుతున్నంతసేపూ మిద్దె మీంచి ఒక్కడు కూడా కిందికి దిగకూడదు. ఈ చివరి షరతు విని మద్దిలేటికి జ్వరం వచ్చినంత పనయింది.

పజిలు కట్టే పని ఆళ్లగడ్డవాళ్లు అప్పగించింది చెన్నకేశవులుకు. చెన్నకేశవులు ఎవరనుకున్నారు? గోవిందమ్మ సొంత అన్న.

పోటీ పెట్టుకున్న ఆదివారం పొద్దున ఆళ్లగడ్డ బస్సు శిరివెళ్ల మీదుగా వచ్చి ఆగింది. తక్కినవాళ్లు కాఫీ హోటలుకు పోతే చెన్నకేశవులు మాత్రం చెల్లెలింటికి వచ్చాడు. నువ్వులుండలు, అమ్మ పంపిన ఊరగాయ జాడీ తెచ్చాడు. కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చుని, చెల్లెలు చేసిన జొన్నరొట్టె, గోంగూర కడుపునిండా తిన్నాడు. మంచి మనిషే. చెల్లెలంటే ప్రాణం. ఆ మాటకొస్తే మంచివాళ్లు కానివాళ్లెవరు ఈ కథలో? అందరూ మంచివాళ్లే, అదే కదా తంటా.

"ఏం కట్టినావన్నా పజిలు?" అంది గోవిందమ్మ.

"అన్నీ గోపురాలు, బురుజులు, మెట్లేనమ్మా. అడ్డమూ అదే, నిలువూ అదే. మన అహోబిళం మెట్లెక్కినోళ్లం మనం. ఈ మైదానమోళ్లకేం దెలుసు? ఈరోజు మీ ఆయన కత అయిపోతాది సూడు."

"నేనూ పైకొచ్చి చూస్తా అన్నా."

చెన్నకేశవులు పగలబడి నవ్వాడు. "నీకు బుట్ట ఉండాది గదా! అంతా అయినాక దాంట్లో పెట్టి పంపిస్తాంలే." చెల్లెలి తల మీద చెయ్యి వేసి, ఆశీర్వాదం లాంటిది ఏదో గొణిగి, మద్దిలేటిని వెంటబెట్టుకుని మిద్దెక్కిపోయాడు.

తల మీద చెయ్యి పడిన చోట గోవిందమ్మకు చురుక్కుమంది. ఎందుకంటే ఆ నవ్వు ఆమెకు కొత్త కాదు.

ఆళ్లగడ్డలో వాళ్ల పుట్టింటి వెనక ఒక బురుజు ఉంది. తాతల కాలంలో దొంగలు పడితే ఆడవాళ్లనూ పిల్లలనూ ధాన్యాన్నీ ఎక్కించి కాపాడుకోవడానికి కట్టింది. దానికి కింద తలుపు ఉండదు. మనిషికి అందనంత ఎత్తులో గోడలో ఒక కంత ఉంటుంది. నిచ్చెన వేసుకుని కంతలోకి దూరి, ఆ నిచ్చెనను లోపలికి లాగేసుకోవాలి. ఇంక కింద ఎంతటి మొనగాడున్నా పైవాళ్లను ఏమీ చేయలేడు. అన్నాచెల్లెళ్ల చిన్నతనమంతా ఆ బురుజు మీదే గడిచింది. పైనుంచి చూస్తే నల్లమల నీలంగా కనిపించేది. రుద్రవరం బాట మీద బండ్లు చీమల్లా పాకేవి. గోవిందమ్మ మొదట ఎక్కి అన్నకు చెయ్యి అందించేది, ఎందుకంటే భయం వాడికే ఎక్కువ.

ఆమె పెద్దమనిషి అయింది. స్నానాలూ పేరంటాలూ అయిపోయిన మర్నాడు అలవాటు ప్రకారం బురుజు దగ్గరికి పోయింది. అన్న అప్పటికే పైన ఉన్నాడు. ఆమెను చూడగానే కంతలోంచి వంగి నిచ్చెనను పైకి లాగేసుకున్నాడు. "ఇంక నువ్వు రాగూడదంట. అమ్మ చెప్పింది" అని పగలబడి నవ్వాడు. గోవిందమ్మ చేతులు పైకి చాచి అట్లాగే నిలబడింది. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటిగా కంతలోకి మాయమవుతుంటే చూస్తూ నిలబడింది. అమ్మ వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయేదాకా కదల్లేదు. ఆ తర్వాత ఆమె ఆ బురుజు ఎక్కలేదు.

మధ్యాహ్నం వాలింది. పెరట్లో గోవిందమ్మ, సైదాబీ చాప పరుచుకుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నారు. పైన కిటికీ బార్లా తెరిచి ఉంది. కరుణాకర్ ప్లీడరు గొంతు కోర్టులో వాదించినట్టు ఖంగున మోగుతోంది. ఒక్కో ఆధారం చదవడం, లోపలివాళ్లు తర్జనభర్జన పడడం, ఎవరో సుద్దతో బోర్డు మీద టకటకా రాయడం, అన్నీ కిందికి వినపడుతున్నాయి.

"గుడి వాకిట అన్నిటికన్నా ఎత్తు, లోపల దేవుడుండడు, గాలే ఉంటుంది!" అని చదివాడు ప్లీడరు.

"గాలిగోపురం" అంది గోవిందమ్మ కాయ చిట్లిస్తూ.

పైన కాసేపు గందరగోళమైంది. తర్వాత "గాలిగోపురం!" అని అరిచారు.

"చేను కాసేవాడి మేడ!"

"మంచె."

"మసీదు మెడ!"

"మినారు" అని ఈసారి సైదాబీ అంది. అని తనే సిగ్గుపడి నవ్వింది. "మా దానికి గూడా నువ్వే చెప్తావేమో అని ముందే చెప్పేస్తి అక్కా."

"గుడి వాకిట భేరీ మోగే మేడ!"

"నగారాఖానా. దీనికి మావోళ్లు పొద్దు గుంకేదాకా కొట్టుకుంటారు సూడు" అంది గోవిందమ్మ. అంత ఆలస్యం కాలేదు గానీ, తమలపాకులు రెండుసార్లు నమిలినంత సేపు పట్టింది.

గోవిందమ్మకు మనసులో మాత్రం మహా మంటగా ఉంది. ఒక్కో ఆధారమూ గాలిలో వచ్చి చెవిన పడుతోంది గానీ గళ్లు కళ్లకు కనపడవు. ఏ మాట ఏ మాటను ఎక్కడ కోస్తోందో తెలియదు. వంట వాసన పీల్చి కడుపు నింపుకోమన్నట్టే కదా ఇదీ.

చివరికి ఒకే ఒక్క మాట మిగిలింది. ప్లీడరు గొంతు సవరించుకుని చదివాడు. "బురుజు ఎక్కినవాడు పైకి లాక్కునేది, కింద మిగిలినవాడు చూస్తూ నిలబడేది. మూడు గళ్లు. మూడో గడిలో 'న' ఉంది."

గోవిందమ్మ చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది.

"ఏమైందక్కా?" అంది సైదాబీ.

చూస్తూ నిలబడేది! ఎంత బాగా రాశాడు అన్న! ఇన్నేళ్లకు దాన్ని తీసుకొచ్చి పజిల్లో పెట్టాడు. కింద నిలబడింది ఎవరో, ఎంతసేపు నిలబడిందో వాడికి గుర్తయినా ఉందా? గుర్తుంటే ఇట్లా ఊరందరి ముందూ ఆటకు పెడతాడా? గోవిందమ్మకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎప్పుడో రావాల్సిన కోపం, ఇప్పుడు మొత్తంగా ఒక్కసారే వచ్చింది.

పైన వాదన ముదిరింది. "వంతెన!" అంటున్నాడు ప్లీడరు. "కోట చుట్టూ కందకం ఉంటాది. శత్రువు రాంగానే వంతెనను గొలుసులతో పైకి లాక్కుంటారు. నేను చదివినా. మూడు గళ్లు, చివర్న 'న'. ఇంకేం గావల్ల?" మిగతావాళ్లు ఔను ఔనంటున్నారు. ఎప్పుడూ మైదానంలో బతికినవాళ్లు, ఊళ్లో బురుజు ఎక్కాల్సిన అవసరం పడనివాళ్లు వంతెన కాక ఇంకేం అంటారు?

అంతలో గిలక కిర్రుమంది. బుట్ట దిగుతోంది. బుట్టలో ఖాళీ చెంబు, చెంబు కింద చీటీ. మద్దిలేటి రాత. "మజ్జిగ పంపు. ఆధారం విన్నావు గదా. జవాబు చెంబు కింద పెట్టు. తొందరగా."

గోవిందమ్మ చెంబు తీసి పక్కన పెట్టి, ఖాళీ బుట్టను తాడు లాగి పైకి పంపేసింది.

మళ్లీ దిగింది బుట్ట. "ఆట కాదు. పరువు పోతాది. చెప్పు."

గోవిందమ్మ ఆ చీటీ వెనకే పెన్సిలుతో రాసింది. "పైకొచ్చి చెప్తా."

ఈసారి బుట్ట రావడం కాస్త ఆలస్యమైంది. కిటికీలో మద్దిలేటి ముఖం తెల్లగా కనపడి మాయమైంది. "పిచ్చి పట్టిందా? మీ అన్న ఉండాడు ఈడ" అని ఉంది చీటీలో.

"అన్న ఉండాడనే వస్తాండా" అని పైకి చూసి గట్టిగానే అంది గోవిందమ్మ. లేచి, ఒళ్లో తొక్కలు దులుపుకుంది. వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి తాడును బుట్ట చెవి దగ్గర పటుక్కున కోసేసింది. తాడు కొస గాల్లో ఊగింది. బుట్టను చంకన పెట్టుకుంది.

"యాడికక్కా?" అంది సైదాబీ, తెలిసినా.

"మెట్లకాడికి."

"అందురూ చూస్తారే!"

"చూడనీ. చూసేదానికే గదా కూర్చోనుండేది వాళ్లు."

సందు తిరిగి వీధిలోకి వచ్చింది. అరుగు మీద ఆరోజు మామూలుకన్నా ఎక్కువమంది ఉన్నారు. పైన చోటు చాలక దిగువన కూర్చున్నవాళ్లు. ఆమె మెట్ల దగ్గర ఆగగానే తలలన్నీ ఇటు తిరిగాయి. ఒక పెద్దాయన "ఏందమ్మా, బుట్ట తెగిందా? ఇట్లీ, పైకి పంపిస్తా" అని చెయ్యి చాచాడు.

"తెగలేదు పెద్దాయనా, కోసినా. నేనే తీసకపోతా" అంది.

చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని మొదటి మెట్టు ఎక్కింది. ఎక్కాక తెలిసింది, ఎంత మామూలు మెట్లో. కడప బండలు, అరిగి మధ్యలో గుంటపడ్డాయి, ఒక మూల ఎవరో ఉమ్మిన తమలపాకు మరక. ఇంతేనా! ఇన్నేళ్లూ దీనికోసమా తలకాయలు పోయినట్టు బతికింది? నవ్వొచ్చింది గోవిందమ్మకు. ఆ నవ్వుతోనే పై గడప దాటింది.

లోపల ఉన్నవాళ్లంతా చప్పున లేచి నిలబడ్డారు, గౌరవంతో కాదు, ఏం చేయాలో తోచక. గోడకు పెద్ద బోర్డు. దాని మీద గళ్లు. ఆమె చూపు ముందు అక్కడికే పోయింది. ఎంత ముచ్చటగా కట్టాడు అన్న! గాలిగోపురం నిలువునా నిలబడింది, దాని తల మీది 'గా'ను కోసుకుంటూ నగారాఖానా అడ్డంగా పోయింది, ఆ నగారాఖానా మొదటి అక్షరం దగ్గర ఆ మూడు గళ్ల మాట వచ్చి ఆగింది. రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి.

గోవిందమ్మ బుట్టను బల్ల మీద పెట్టింది. "ఇది మీ బుట్ట. ఇంక నాకొద్దు."

"అమ్మా, ఆడవాళ్లు ఈడికి రావడం..." అని నసిగాడు ప్లీడరు.

"రాగూడదని రాసింది చూపీప్పా. చూపిస్తే ఇప్పుడే దిగిపోతా."

రాసింది ఎక్కడుంది చూపించడానికి?

చెన్నకేశవులు ముందుకొచ్చాడు. ముఖం కందగడ్డ అయింది. "గోవిందూ, దిగు. పదిమందిలో ఏందిది? దిగు చెప్తాండా."

"దిగనన్నా. నీ పజిలుకు జవాబు చెప్పేదానికొచ్చినా." బోర్డు వైపు వేలు చూపించింది. "నిచ్చెన. బురుజెక్కినోడు లాగేసుకునేది నిచ్చెన. కింద నిలబడి చూసింది నేను. నేను ముందరెక్కి నీకు చెయ్యిచ్చేదాన్ని గదన్నా! నువ్వెక్కినాక నిచ్చెన లాక్కోని నవ్వితివి. పొద్దునా అట్లే నవ్వితివి."

చెన్నకేశవులు నేలను చూశాడు. వాడికి గుర్తొచ్చింది. అది చూసేవాళ్లందరికీ తెలిసిపోయింది.

మొదట తేరుకున్నది మద్దిలేటి. సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి నడిచాడు. "నిచ్చెననే రాస్తాండా ప్లీడరన్నా."

"నువ్విందాక వంతెన అంటివి గదా!"

"నేనేమంటే ఏముందప్పా." మద్దిలేటి అందరి వైపూ తిరిగాడు. "ఇన్నిదినాలూ నేను చెప్పిందంతా ఆయమ్మ చెప్పిందే. నీళ్లకని పోతాంటినే, అడిగేదానికే పోతాంటి." అనేసి సుద్దముక్కను పెళ్లాం వైపు చాచాడు. గోవిందమ్మ ఆయన్ను ఎన్నోసార్లు తిట్టుకుంది గానీ, ఆ క్షణంలో మాత్రం మనిషి మీద బోలెడు ప్రేమ పుట్టింది.

ఆమె అందుకునేలోపే ప్లీడరు ఆ సుద్దను లాక్కున్నాడు. "ఆగండప్పా! పజిలు నింపాల్సింది లైబ్రరీ సభ్యులు. ఈయమ్మ సభ్యురాలు గాదు. ఈయమ్మ చెప్పింది రాస్తే, నంద్యాల మొగోళ్లు ఆడమనిషిని మెట్లెక్కించి గెలిచినారని జిల్లా అంతా నవ్వుతాది."

"అయితే నన్ను సభ్యురాల్ని చేయండి. ఈ నిమిషంలో చేసి గెలవండి" అంది గోవిందమ్మ. "వద్దా? వంతెన రాసుకోండి, ఓడిపోండి. మీ ఇష్టం. నేను మాత్రం మీకింక జవాబులు కిందినుంచి పంపను."

కిటికీలో ఎండ ఎర్రబడుతోంది. ప్లీడరు అందరి ముఖాలూ చూశాడు. అందరూ ఆయన ముఖమే చూశారు. గెలవాలని అందరికీ ఉంది, కానీ ఆ ఒక్క మాట అనడానికి ఒక్కడికీ నోరు రాలేదు. ప్లీడరు బోర్డు వైపు తిరిగి, ఖాళీ గళ్లలో ఒత్తి ఒత్తి రాశాడు. వం. తె. తెలిసి తెలిసి రాశాడు మహానుభావుడు! ఆడదాని మాటతో గెలవడం కన్నా సొంత తప్పుతో ఓడడమే మేలనిపించింది వాళ్లకు. ఏం చెప్పాలి ఇంక?

"సరేనా చెన్నకేశవులూ? అయిపోయింది. చెప్పు ఫలితం" అన్నాడు.

చెన్నకేశవులు చెల్లెల్ని చూడకుండానే అన్నాడు. "వంతెన తప్పు. నిచ్చెన. నంద్యాల ఓడింది." గెలిచిన ఊరివాడి గొంతులా లేదు అది. ఆళ్లగడ్డవాళ్లలో ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు.

అందరూ మెట్ల వైపు కదిలారు. పెద్ద సభ చేసి ఉపన్యాసాలు చెప్పుకోవాలని బెంచీలు కూడా తెప్పించి పెట్టుకున్నారు పాపం. ఇప్పుడు ఆమె ఉన్న గదిలో నిలబడడానికే వాళ్లకు ఏదోలా ఉంది. చెప్పులు వెతుక్కుంటూ ఒకరి వెనక ఒకరు దిగిపోయారు. మద్దిలేటి గడప దగ్గర ఆగి, "వస్తావా?" అన్నాడు మెల్లిగా. "నువ్వు పో, వస్తా" అంది.

బల్ల మీద ఆ పొద్దున వచ్చిన వారపత్రిక, కట్టిన దారం కూడా విప్పకుండా పడి ఉంది. పంతం హడావిడిలో దాని సంగతి ఎవరికీ పట్టలేదు. గోవిందమ్మ దారం విప్పింది. చివరి పేజీ తీసింది. గళ్లు. తెల్లటి గళ్లు, ఒక్క చుక్క సిరా లేదు. ప్లీడరు కూర్చునే కుర్చీనే లాక్కుని కిటికీ పక్కన కూర్చుంది. పేజీ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఏమీ రాయకుండా ఊరికే చూసింది. కడుపు నిండినట్టయింది.

"వస్తాండా అక్కా!" అని సైదాబీ గొంతు, వెంటనే ఆమె గాజుల చప్పుడు మెట్ల మీద. వచ్చి గదంతా కలియజూసి, "ఇంతేనా!" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. సైదాబీ బీరువా దగ్గరికి పోయి కథల పుస్తకాలు ఒక్కొక్కటీ తిరగేయడం మొదలుపెట్టింది.

కింద వీధిలోంచి అన్న పిలుపు వినిపించింది. "గోవిందూ! బస్సు టయిమయింది. దిగిరా, చెప్పిపోవల్ల నీకు."

గోవిందమ్మ లేచి మెట్ల పైన నిలబడింది. కింద చెన్నకేశవులు ఒక్కడే ఉన్నాడు. సంచి చంకన పెట్టుకుని, మెడ పైకెత్తి చూస్తున్నాడు. అరుగు మీద మనుషులు చెవులు రిక్కించి కూర్చున్నారు.

"దిగను. చెప్పాలంటే నువ్వే ఎక్కిరా" అంది గోవిందమ్మ, వీధి మొత్తానికీ వినపడేట్టు. "నేనేం లాగేసుకోలేదన్నా. మెట్లు ఆడనే ఉండాయి."

అన్నది అని, వెనక్కి తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. పెన్సిలు నాలుక మీద తడుపుకుని మొదటి మాట రాసింది. తప్పనిపించి కొట్టేసింది. మళ్లీ రాసింది. బస్సు హారను రెండు వీధుల అవతలనుంచి మోగింది, మళ్లీ మోగింది, తర్వాత దూరమైంది. అప్పుడు వినపడ్డాయి మెట్ల మీద అడుగులు, బరువుగా, ఆగి ఆగి.

చెన్నకేశవులు గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. గోవిందమ్మ తలెత్తలేదు.

"చెప్పులు బయట ఇడువు" అంది. "ఇడిచి, ఆ బెంచీ ఇట్ల లాక్కో. అడ్డం నాలుగు నాకు రావడంల్యా. చూడు."